ఆఫ్‌రోడ్ వాహనానికి సరైన బ్యాక్‌స్పేసింగ్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త చక్రాలు కొనేవారిలో ఎక్కువమంది ముందు డిజైను చూస్తారు, తర్వాత రంగు, ఆ తర్వాత ధర చూస్తారు. వాహనం నడిచే తీరును నిజంగా మార్చే బ్యాక్‌స్పేసింగ్ గురించి మాత్రం టైరు వాహనం భాగాలకు ఎక్కడో ఒరుసుకున్నాకే ఆలోచిస్తారు. ఈ కొలతను ప్రధానంగా అమెరికాలో జీపులు, పికప్‌ల చక్రాలకు వాడతారు కాబట్టి ఇక్కడి ముఖ్య ఉదాహరణ జీప్ రాంగ్లర్. అమెరికాలో రాంగ్లర్ నడిపే తెలుగువారికీ, ఇక్కడ జిమ్నీ, థార్ వంటి వాహనాలకు చక్రాలు మార్చాలనుకునేవారికీ ఇదే లెక్క పనికొస్తుంది.

బ్యాక్‌స్పేసింగ్ అంటే ఏమిటి?

చక్రం హబ్‌కు (చక్రాన్ని బిగించే, యాక్సిల్ చివరి భాగానికి) ఆనుకుని బిగిసే చదునైన ముఖం నుంచి, వాహనం లోపలి వైపున్న రిమ్ అంచు వరకు ఉండే దూరమే బ్యాక్‌స్పేసింగ్. దీన్ని సాధారణంగా అంగుళాల్లో చెబుతారు. ఈ దూరం పెరిగిన కొద్దీ చక్రం వాహనం కిందికి, అంటే సస్పెన్షన్ వైపు జరుగుతుంది. తగ్గిన కొద్దీ ఫెండర్ (చక్రాన్ని పైనుంచి కప్పే బాడీ భాగం) దాటి బయటకు వస్తుంది.

ఆఫ్‌సెట్ అన్నా ఇదేనా? ఒకదాని నుంచి మరొకటి ఎలా లెక్కించాలి?

రెండూ హబ్‌ను ఆనుకునే ముఖం ఎక్కడుందో చెప్పేవే, కానీ కొలిచే చోటు వేరు. ఆఫ్‌సెట్‌ను రిమ్ వెడల్పు మధ్యరేఖ నుంచి మిల్లీమీటర్లలో కొలుస్తారు. హబ్ ముఖం మధ్యరేఖకు బయటి వైపు ఉంటే ధన ఆఫ్‌సెట్, లోపలి వైపు ఉంటే రుణ ఆఫ్‌సెట్, సరిగ్గా మధ్యలో ఉంటే సున్నా. మన దేశంలో అమ్మే అల్లాయ్ చక్రాల మీద ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె ఇదే.

లెక్కలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రిమ్ వెడల్పు 9 అంగుళాలు అంటే, అది టైరు అంచులు కూర్చునే రెండు గాడుల మధ్య దూరం మాత్రమే. వాటికి బయట రెండు వైపులా సుమారు అర అంగుళం చొప్పున పెదవి ఉంటుంది. కాబట్టి 9 అంగుళాల రిమ్ అసలు వెడల్పు సుమారు 10 అంగుళాలు, అందులో సగం 5. అందువల్ల ఆ రిమ్‌కు 5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉంటే ఆఫ్‌సెట్ సున్నా అవుతుంది. 4.5 అంగుళాలు ఉంటే ఆఫ్‌సెట్ దాదాపు మైనస్ 12 మిల్లీమీటర్లు.

సూత్రంగా చెప్పాలంటే, రిమ్ వెడల్పుకు 1 కలిపి, వచ్చినదాన్ని సగం చేసి, దానికి ఆఫ్‌సెట్‌ను 25.4తో భాగించి కలిపితే అంగుళాల్లో బ్యాక్‌స్పేసింగ్ వస్తుంది. ఆఫ్‌సెట్ రుణమైతే కలపడానికి బదులు తీసివేయాలి. 8 అంగుళాల రిమ్‌కు 4.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ అంటే ఆఫ్‌సెట్ సున్నా, అదే 4.5 అంగుళాలు 9 అంగుళాల రిమ్‌కైతే మైనస్ 12. ఈ కారణంగానే వెడల్పు చెప్పకుండా బ్యాక్‌స్పేసింగ్ ఒక్కటే చెబితే టైరు ఎక్కడ నిలుస్తుందో తెలియదు.

నా దగ్గరున్న చక్రానికి ఎంత ఉందో నేనే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు. టైరు లేని రిమ్ అయితే దాన్ని గుడ్డ పరిచిన నేల మీద బోర్లా, అంటే హబ్‌ను ఆనుకునే వైపు పైకి వచ్చేలా పెట్టండి. వెనుక అంచు మీద అడ్డంగా ఒక తిన్నని కొయ్య బద్దనో ఇనుప స్కేలునో ఉంచి, దాని అడుగు నుంచి హబ్ ముఖం వరకు టేపుతో కొలవండి. ఆ దూరమే బ్యాక్‌స్పేసింగ్.

టైరు ఎక్కించి ఉంటే బద్ద రిమ్ అంచును తాకకుండా టైరు ఉబ్బు మీద ఆగిపోతుంది. అప్పుడు బద్ద నుంచి హబ్ ముఖానికి ఒకసారి, బద్ద నుంచి రిమ్ అంచుకు ఒకసారి కొలిచి, మొదటి కొలతలోంచి రెండోదాన్ని తీసివేయాలి. నాలుగు చక్రాలూ ఒకే జత అని అమ్మకందారు చెప్పినా, పాత చక్రాలు కొనేటప్పుడు ప్రతి చక్రాన్నీ విడిగా కొలవడం మంచిది.

35 అంగుళాల టైర్లు వేయాలంటే జీప్ రాంగ్లర్‌కు ఎంత బ్యాక్‌స్పేసింగ్ కావాలి?

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి లెక్క మొత్తం చేసి చూద్దాం. 2007 నుంచి 2018 వరకు వచ్చిన జేకే తరం రాంగ్లర్ రూబికాన్‌ను తీసుకుందాం. కంపెనీ ఇచ్చే చక్రం 17 అంగుళాల వ్యాసం, 7.5 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాని ఆఫ్‌సెట్ ప్లస్ 44 మిల్లీమీటర్ల చిల్లర, అంటే ఒకటింముప్పావు అంగుళం. బ్యాక్‌స్పేసింగ్ దాదాపు 6 అంగుళాలు, 6.25 అని కూడా చాలాచోట్ల రాస్తారు. దాని మీద ఉండే టైరు 255/75 ఆర్17, అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, దాదాపు 10 అంగుళాలు.

టైరు సగం వెడల్పు 5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 1.75 అంగుళాలు. కాబట్టి హబ్ ముఖం నుంచి టైరు లోపలి గోడ 6.75 అంగుళాలు లోపలికి, బయటి గోడ 3.25 అంగుళాలు బయటకు ఉంటాయి. జీప్ ఇంజనీర్లు కంట్రోల్ ఆర్మ్‌లు (యాక్సిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే చేతులు), స్వే బార్ (మలుపుల్లో వాహనం ఒరగకుండా ఆపే కడ్డీ), ఫెండర్లు అన్నిటినీ ఈ స్థానానికి సరిపోయేలా అమర్చారు.

ఇప్పుడు 35 అంగుళాల ఎత్తు, 12.5 అంగుళాల వెడల్పు గల టైరును అదే చక్రానికి ఎక్కించామనుకోండి. సగం వెడల్పు 6.25, దానికి 1.75 కలిపితే లోపలి గోడ 8 అంగుళాలు లోపలికి పోతుంది. పాతదానికంటే ఇది 1.25 అంగుళాలు ఎక్కువ. స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పినప్పుడు టైరు కింది కంట్రోల్ ఆర్మ్‌కూ స్వే బార్‌కూ రాసుకోవడం ఇందువల్లే. పైగా ఆ సైజు టైరుకు తయారీదారులు సాధారణంగా 8.5 నుంచి 11 అంగుళాల వెడల్పు గల రిమ్‌ను సూచిస్తారు, 7.5 అంగుళాల రిమ్ ఆ పరిధిలోకి రాదు.

అదే టైరును 9 అంగుళాల వెడల్పు, 4.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న చక్రం మీద వేస్తే లోపలి గోడ 5.75 అంగుళాల దగ్గర ఆగుతుంది. అంటే కంపెనీ టైరు కంటే కూడా ఒక అంగుళం ఎక్కువ ఖాళీ లోపల మిగులుతుంది. ఎత్తైన టైరు తిరిగేటప్పుడు మరింత వెనక్కి, ముందుకు చాచుకుంటుంది కాబట్టి ఆ ఖాళీ అవసరమే. బయటి గోడ మాత్రం 3.25 నుంచి 6.75 అంగుళాలకు వస్తుంది, ప్రతి వైపూ మూడున్నర అంగుళాలు బయటకు జరిగినట్టు. జేకే యజమానులు 35 అంగుళాల టైర్లకు 4.5 నుంచి 4.75 అంగుళాల మధ్య ఎంచుకోవడానికి కారణం ఈ లెక్కే.

నా అభిప్రాయం అడిగితే, ఆ రెండింటిలో 4.75 సరిపోతున్నప్పుడు 4.5కి వెళ్లనక్కర్లేదు. లోపల ఏదీ తగలకుండా ఉండటానికి ఎంత అవసరమో అంతే బయటకు తేవాలి. 3.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ చక్రాలు దుకాణంలో అందంగా కనిపిస్తాయి గానీ, రాంగ్లర్‌లో ఈ టైరుకు లోపల అంత ఖాళీ అవసరమయ్యేది ఏదీ లేదు.

చక్రాన్ని ఎక్కువ బయటకు తెస్తే నష్టమేమిటి? వెడల్పుగా నిలబడితే వాహనం ఇంకా స్థిరంగా ఉంటుంది కదా?

పక్కకు వాలిన రాళ్ల మీద వెళ్తున్నప్పుడు వెడల్పైన నిలుపు వల్ల మేలు ఉన్నమాట నిజమే. పై ఉదాహరణలో టైరు మధ్యరేఖ ఒక్కో వైపు 2.25 అంగుళాలు బయటకు జరిగింది కాబట్టి, రెండు చక్రాల మధ్య దూరం మొత్తం 4.5 అంగుళాలు పెరిగింది. బాడీని బాగా ఎత్తే లిఫ్ట్ కిట్ వేసిన జీపుకు అది కొంత ధైర్యమే. కానీ దానికి చెల్లించే మూల్యం స్టీరింగ్ దగ్గర, హబ్ బేరింగుల దగ్గర కనిపిస్తుంది.

ముందు చక్రం పై, కింది బాల్ జాయింట్ల (చక్రం అటూ ఇటూ తిరగడానికి వీలిచ్చే కీళ్ల) గుండా పోయే ఒక ఊహారేఖ చుట్టూ తిరుగుతుంది. ఆ రేఖను నేల వరకు పొడిగిస్తే అది తగిలే బిందువుకూ, టైరు నేలను ఒరుసుకునే మచ్చ మధ్యభాగానికీ నడుమ ఉండే దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. చక్రాన్ని బయటకు జరిపితే ఆ దూరం పెరుగుతుంది. ఎత్తైన టైరు దాన్ని కొంత తగ్గిస్తుంది గానీ, రెండు అంగుళాలకు పైగా జరిగిన దాన్ని పూర్తిగా పూడ్చలేదు. అది పెరిగిన వాహనంలో ఒక్క ముందు టైరు రాయికి గుద్దుకున్నా, ఇసుకలో దిగబడినా, ఒక వైపు బ్రేకు కాస్త ముందుగా పట్టినా, ఆ కుదుపు స్టీరింగ్ చక్రం దాకా వచ్చి చేతిని లాగుతుంది. రాళ్ల దారిలో బొటనవేళ్లను స్టీరింగ్ చువ్వల లోపలికి పెట్టి పట్టుకోవద్దని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

బేరింగుల సంగతి తక్కువమంది గమనిస్తారు. నీళ్లు నిండిన బిందెను నడుము దగ్గర ఎత్తుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది: బరువు అంతే, కానీ దూరం పెరిగిన కొద్దీ భారం పెరుగుతుంది. టైరు మధ్యరేఖ బయటకు జరిగితే హబ్ బేరింగు, బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి. 35 అంగుళాల టైరు ఎలాగూ కంపెనీ టైరు కంటే చాలా బరువు, దానికి ఈ దూరం కూడా తోడవుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ముందు యాక్సిల్ మొత్తం ఊగిపోయే సమస్య రాంగ్లర్ యజమానులందరికీ తెలిసినదే. దానికి మూలం సాధారణంగా వదులైన ట్రాక్ బార్‌లోనో (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ), అరిగిన జాయింట్లలోనో ఉంటుంది తప్ప బ్యాక్‌స్పేసింగ్‌లో కాదు. కానీ తక్కువ బ్యాక్‌స్పేసింగ్ ఆ అరుగుదలను తొందరపెడుతుంది, ఉన్న వదులును పెద్దది చేసి చూపిస్తుంది.

ఫెండర్ దాటిన టైరు బురదను, కంకరను తలుపుల మీదికి, వెనకాల వచ్చే వాహనం అద్దం మీదికి విసురుతుంది. అమెరికాలో టైరు నేలను తాకే భాగం ఫెండర్ కింద ఉండాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చక్రాలు కొనకముందే మీ రాష్ట్ర నిబంధన చదవడం అవసరం. చాలామంది వెడల్పైన ఫెండర్ ఫ్లేర్లు (ఫెండర్ అంచుకు బిగించే అదనపు కప్పులు) వేసి ఈ చిక్కు తీర్చుకుంటారు, ఆ ఖర్చును కూడా చక్రాల ఖర్చులో కలిపి చూసుకోండి.

నాది ముందు స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న పికప్. నాకూ ఇవే అంకెలా?

కాదు. రాంగ్లర్ అంకెలను టొయోటా పికప్‌లైన టకోమాకో, హైలక్స్‌కో తెచ్చి పెట్టకూడదు. ఘన యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉన్న రాంగ్లర్‌లో టైరు ముఖ్యంగా లోపలి వైపు తగులుతుంది, అందుకే బయటకు తేవడం పరిష్కారమవుతుంది. ప్రతి చక్రం విడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ ఉన్న పికప్‌లలో లోపల పై కంట్రోల్ ఆర్మ్ ఒక్కటే సాధారణంగా ఇబ్బంది పెడుతుంది. పెద్ద టైరును తిప్పినప్పుడు అది అసలు తగిలేది ఫెండర్ వెనుక మూలలో ఉన్న బాడీ మౌంటుకూ (బాడీని ఫ్రేమ్‌కు బిగించే చోటు), ముందు బంపర్ చివరకూ.

ఇక్కడ చక్రాన్ని బయటకు జరిపితే తగలడం తగ్గదు, ఎక్కువవుతుంది. చక్రం తిరిగే ఊహారేఖ నుంచి టైరు దూరమైన కొద్దీ అది గీసే వలయం పెద్దదవుతుంది, దాని వెనుక అంచు బాడీ మౌంటు వైపు ఇంకా దూసుకుపోతుంది. కాబట్టి ఇలాంటి వాహనంలో పై కంట్రోల్ ఆర్మ్‌కు తగలనంత వరకు చక్రాన్ని లోపలే ఉంచడం తెలివైన పని. మౌంటు మూల కోయించుకోవలసి వచ్చిన పికప్‌లలో చాలావాటికి ఆ అవసరం టైరు ఎత్తు వల్ల ఎంత వచ్చిందో, అతిగా బయటకు తెచ్చిన చక్రం వల్లా అంతే వచ్చింది.

లిఫ్ట్ కిట్ వేయించాను. ఇక బ్యాక్‌స్పేసింగ్ గురించి ఆలోచించాలా?

ఆలోచించాలి. లిఫ్ట్ వాహనం శరీరాన్ని టైరు పైనుంచి ఎత్తుతుంది, అందువల్ల టైరు పైభాగం ఫెండర్‌కు తగలడం తగ్గుతుంది. పూర్తిగా తిప్పిన టైరుకూ కంట్రోల్ ఆర్మ్‌కూ మధ్య ఉండే పక్కవాటు ఖాళీని మాత్రం అది దాదాపు మార్చదు.

ఘన యాక్సిల్ వాహనంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక చక్రం రాయి ఎక్కి పైకి నొక్కుకున్నప్పుడు యాక్సిల్ మొత్తం వాలుతుంది, ఆ వైపు టైరు పైభాగం లోపలికి ఒరుగుతుంది. చదునైన నేల మీద షాక్‌కూ స్ప్రింగుకూ దూరంగా కనిపించిన టైరు ఆ స్థితిలో వాటిని తాకవచ్చు. మరోవైపు, మరీ బయటకు తెచ్చిన టైరు ఫెండర్ లోపలికి దూరలేక దాని అంచుకే గుద్దుకుంటుంది.

కొత్త చక్రాలకు బదులు స్పేసర్లు (హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే మందపాటి బిళ్లలు) వేస్తే సరిపోదా?

లెక్క ప్రకారం సరిపోతుంది. 6.25 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న చక్రానికి ఒకటిన్నర అంగుళాల స్పేసర్ వేస్తే అది 4.75 అంగుళాల చక్రంలా నిలుస్తుంది. స్టీరింగ్ మీద, బేరింగుల మీద పడే ప్రభావం కూడా అంతే, ఎక్కువా తక్కువా కాదు.

తేడా అంతా నాణ్యతలోనూ బిగింపులోనూ ఉంది. సొంత స్టడ్లు (నట్లు బిగించే మరల కడ్డీలు) కలిగి, హబ్ మధ్య పెదవి మీద బిగువుగా కూర్చునే స్పేసర్లనే తీసుకోవాలి. ఉన్న స్టడ్ల మీద జారవిడిచే మందపాటి బిళ్లల వల్ల నట్టు పట్టే మరల సంఖ్య తగ్గిపోతుంది, అలాంటివి ఆఫ్‌రోడ్ వాహనానికి వద్దేవద్దు. పైగా ప్రతి చక్రానికీ ఇప్పుడు రెండు వరుసల నట్లు ఉన్నాయి. లోపలి వరుసను చూడాలంటే చక్రం ఊడదీయాల్సిందే కాబట్టి, ఆ శ్రమకు సిద్ధపడేవారే స్పేసర్లు వాడాలి. 35 అంగుళాల టైరుకు కంపెనీ రిమ్ ఎలాగూ ఇరుకు కనుక, పెద్ద టైర్లకు వెళ్లేవారికి సరైన చక్రం కొనడమే మేలని నేను చెబుతాను.

బ్యాక్‌స్పేసింగ్ కాక ఇంకా ఏ అంకెలు సరిపోవాలి?

స్టడ్ల సంఖ్య, అవి ఉన్న వలయం వ్యాసం తప్పనిసరిగా సరిపోవాలి. జేకే, దాని తర్వాతి జేఎల్ తరాల రాంగ్లర్‌లకు 5 స్టడ్లు, 127 మిల్లీమీటర్లు. 1997 నుంచి 2006 వరకు వచ్చిన టీజే తరం రాంగ్లర్‌కు 5 స్టడ్లు, 114.3 మిల్లీమీటర్లు. జిమ్నీకి 5 స్టడ్లు, 139.7 మిల్లీమీటర్లు. చక్రం మధ్య రంధ్రం హబ్‌కంటే చిన్నది కాకూడదు, నట్టు కూర్చునే చోటు ఆకారం నట్టు ఆకారంతో కలవాలి. ఇవన్నీ కలిసినా బ్రేకు క్యాలిపర్ (బ్రేకు డిస్కును పట్టే భాగం) చక్రం చువ్వల వెనుక భాగానికి తగలవచ్చు. ఆ ఖాళీ చువ్వల వంపును బట్టి ఉంటుంది కాబట్టి బ్యాక్‌స్పేసింగ్ అంకె దాన్ని చెప్పదు.

భారతదేశంలో జిమ్నీ, థార్ వంటివాటికి ఈ లెక్క ఎలా వర్తిస్తుంది?

లెక్క అదే, కాకపోతే ఇక్కడ మార్పుకు ఉన్న చోటు తక్కువ. 2023లో మన దేశంలో విడుదలైన అయిదు తలుపుల మారుతి జిమ్నీని చూడండి. 15 అంగుళాల వ్యాసం, 5.5 అంగుళాల వెడల్పు, ప్లస్ 5 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ గల చక్రం మీద 195/80 ఆర్15 టైరు వస్తుంది. బ్యాక్‌స్పేసింగ్ దాదాపు 3.45 అంగుళాలు. టైరు లోపలికి 102.5, బయటకు 92.5 మిల్లీమీటర్లు ఉంటుంది.

దీని బదులు 215/75 ఆర్15 టైరును అదే చక్రం మీద వేస్తే రెండు వైపులా పది మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంతే. అదే టైరును 7 అంగుళాల వెడల్పు, మైనస్ 20 ఆఫ్‌సెట్ ఉన్న చక్రం మీద వేస్తే బయటికి 35 మిల్లీమీటర్లు వచ్చేస్తుంది. లోపల 15 మిల్లీమీటర్ల అదనపు ఖాళీ మిగులుతుంది, అయితే ఆ ఖాళీతో ఈ చిన్న టైరుకు పనేమీ లేదు. కాబట్టి జిమ్నీలో చాలామందికి మంచి టైరు చాలు, చక్రం మార్చే అవసరమే ఉండదు.

చట్టం సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. తయారీదారు ఆ మోడల్‌కు ఆమోదించిన సైజుల్లో ఉండిపోవడం, మార్పు చేస్తే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. బాడీ దాటి బయటకు పొడుచుకువచ్చిన టైర్లు తనిఖీలో అందరికంటే ముందు కంటపడతాయి.

స్టెప్నీ గురించి కూడా ఆలోచించాలా?

రాంగ్లర్‌లా వెనుక తలుపుకు స్టెప్నీ వేలాడే వాహనాల్లో ఆలోచించాలి. అక్కడ తలుపు మీదున్న రబ్బరు దిమ్మలకు టైరు ఆనుకుని నిలిస్తేనే అది అదరకుండా ఉంటుంది. పైన లెక్కించిన 4.5 అంగుళాల చక్రంతో టైరు లోపలి గోడ పాతదానికంటే ఒక అంగుళం వెనకే ఆగిపోతుంది కాబట్టి దిమ్మలను తాకదు. అప్పుడు బరువైన టైరు ప్రతి గుంతలోనూ ఊగి తలుపు కీళ్లను లాగుతుంది. దిమ్మలను ఆ మేరకు పొడిగించుకోవాలి. స్టెప్నీ కూడా మిగతా నాలుగింటి బ్యాక్‌స్పేసింగే కలిగి ఉండాలి, లేకపోతే పంక్చరైన రోజున వేసిన చక్రం స్టీరింగ్ తిప్పగానే రాసుకుంటుంది.

కొన్నాక సరిపోకపోతే? ముందే తేల్చుకునే దారి ఉందా?

ఉంది. టైరు ఎక్కించి గాలి పట్టించిన చక్రాన్ని దుకాణాలు సాధారణంగా వెనక్కి తీసుకోవు, కాబట్టి ఈ పని టైరు ఎక్కించకముందే చేయాలి. ముందుగా ఖాళీ రిమ్‌ను ముందు హబ్‌కు చేత్తో బిగించి తిప్పి, క్యాలిపర్‌కూ టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) చివరకూ తగలడం లేదని చూడండి. తర్వాత పాత టైరు లోపలి గోడ నుంచి కంట్రోల్ ఆర్మ్, స్వే బార్, షాక్, ఫ్రేమ్ వరకు ఎంత ఖాళీ ఉందో స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి కొలుచుకోండి. పై పద్ధతిలో కొత్త టైరు ఎంత జరుగుతుందో లెక్కించి, ఆ ఖాళీలోంచి తీసివేయండి. కదిలే భాగాల దగ్గర కనీసం అర అంగుళం మిగలాలని నేను సూచిస్తాను.

కొద్దిగా మాత్రమే తగులుతుంటే చక్రం మార్చనక్కర్లేదు. స్టీరింగ్ స్టాప్ బోల్టుల కింద వాషర్లు వేసి తిరుగుడును కొంచెం తగ్గిస్తే చాలు, మలుపు తిరిగే వలయం స్వల్పంగా పెరుగుతుంది. చక్రాలు బిగించాక టార్క్ రెంచ్‌తో వాహన పుస్తకంలో రాసినంత బిగువు ఇవ్వండి. మొదటి 80 కిలోమీటర్లలోపు మరోసారి అదే బిగువు సరిచూడండి. ఆ తర్వాత మొదటి కొండదారి ప్రయాణం ముగించుకుని వచ్చాక టైర్ల లోపలి గోడలను లైటు వేసి పరిశీలించండి. నల్లగా మెరుస్తూ ఒరుసుకున్న గీతలు కనిపిస్తే ఏ భాగం తగులుతోందో, ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ కావాలో అక్కడే తెలిసిపోతుంది.